దోరగా అంటే రంగా, దశా?

అందరికీ నమస్కారం. ఒక్క మాట కోసం మూడు రోజులుగా తల పట్టుకు కూర్చున్నాం, ఈ గ్రూపులో మీరే ఒడ్డున పడేయాలి. మా చెల్లి ఫిషరీస్ చదువుతోంది. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి హైస్కూలు పిల్లలకు తెలుగులో పావుగంట మాట్లాడమన్నారట. చేప ప్రోటీన్‌ను చక్కెరతో కలిపి వేడి చేస్తే దాని యాంటీఆక్సిడెంట్ గుణం ఎలా మారుతుందన్నది టాపిక్. అలా వేడి చేసినప్పుడు ద్రావణం గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆ తిరగడాన్ని ఏమనాలి? చెల్లి "గోధుమీకరణం" అని రాసుకుంది. చదివితే గోధుమపిండి ఆడించినట్టుంది. అమ్మ వంటింట్లోంచే "దోరగా వేగడం అనొచ్చుగా" అంది. దోర అనే మాట ఇక్కడ నిలబడుతుందా?

పాత నిఘంటువు: అమ్మగారి మాటే బాగుంది. కానీ ఒకటి గమనించండి. దోర అంటే రంగు కాదు. దోర జామకాయ పచ్చిదీ కాదు, పండిందీ కాదు. దోర వయసు అన్నా అంతే. పూర్తి కాకముందు ఆగిన చోటు దోర. అదే మాటను పెనం మీదికి తెచ్చుకున్నాం. రంగు చెప్పాలంటే మనవాళ్ళు "ఎర్రగా వేయించు" అంటారు. ఉల్లిపాయ ముక్కలు నిజంగా ఎరుపెక్కుతాయా? ఎక్కవు. అయినా వంట చేసేవాళ్ళకు అర్థమైపోతుంది. "బంగారు రంగు వచ్చేవరకు" అన్నది ఇంగ్లీషు వంటల పుస్తకాల నుంచి దిగిన సరుకని నా అనుమానం. మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

నెత్తళ్ళ వేపుడు: మా వైపు ఎండు నెత్తళ్ళు గలగలలాడేదాకా వేయిస్తాం. అది దోర. ఇంకో రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే కమురు వాసన. అప్పుడది మాడు. ఈ రెంటికీ మధ్య అత్తగారి చూపు తప్ప వేరే కొలత లేదు 😀

ల్యాబ్ కోటు: కొలత ఉందండీ, అత్తగారి చూపంత కచ్చితం కాకపోయినా. ఈ చర్యను 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. అందుకే మయ్యార్ చర్య అంటాం. స్పెల్లింగ్ చూసి "మైలార్డ్" అని పలికేవాళ్ళే ఎక్కువ, దాన్ని పట్టించుకోకండి. 1953లో జాన్ హాడ్జ్ దీన్ని మూడు దశలుగా విడదీశాడు. మొదటి దశలో చక్కెర అణువు వెళ్ళి ప్రోటీన్‌లోని అమైనో గుంపుకు తగులుకుంటుంది. చేపలో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది కాబట్టి తగులుకోవడానికి కొక్కేలకు కొదవ లేదు. అప్పటికి రంగేమీ ఉండదు. రెండో దశలో రంగు ఉండకపోవచ్చు, లేదా లేత పసుపు. మూడో దశలో మెలనాయిడిన్లు అనే గోధుమరంగు పెద్ద అణువులు పుడతాయి. ల్యాబులో రెండో దశను 294 నానోమీటర్ల దగ్గర, చివరి రంగును 420 దగ్గర కాంతి ఎంత పీలుస్తుందో చూసి లెక్కగడతాం.

కాబట్టి దోర అన్న మాట రెండో దశకు, మూడో దశ మొదలుకు సరిపోతుంది. మొత్తం చర్యకు మాత్రం ఆ పేరు పెట్టకండి. రంగు రాకముందే సగం కథ నడిచిపోతుంది.

పెనం: ఒక్క సందేహం. యాంటీఆక్సిడెంట్‌కు తెలుగు ఏం పెట్టారు? "ప్రతిఆక్సీకారిణి" అంటే పిల్లలు పారిపోతారు.

పాత నిఘంటువు: బియ్యం, నూనె పాడైతే ముక్కిపోయిందంటాం కదా. నూనెల విషయంలో దానికి ఆక్సీకరణే ప్రధాన కారణం. "ముక్కు నిరోధకం" అందామా?

పెనం: మాస్కు అనుకుంటారు మాస్టారూ.

నెత్తళ్ళ వేపుడు: 😂😂 యాంటీఆక్సిడెంట్ అనే ఉంచేయండి. గ్రీన్ టీ యాడ్‌లో రోజూ వింటున్నదే. కానీ "ముక్కిపోకుండా ఆపేది" అని ఒకసారి వివరిస్తే చాలు. నూనె కవళ్ళు అనే చేపలు ఎండబెట్టి నాలుగు నెలలు ఉంచితే వచ్చే వాసన ఏ పిల్లాడికైనా తెలుసు, మా తీరంలో అయితే.

ల్యాబ్ కోటు: అక్కా, మంచి ఉదాహరణ. చేప నూనెలో కొవ్వు ఆమ్లాలు త్వరగా ఆక్సీకరణ చెందుతాయి. అందుకే చేప ప్రోటీన్‌నే ఎంజైముతో చిన్న ముక్కలు చేసి, గ్లూకోజో రైబోజో అనే చక్కెర కలిపి, వేడి నీళ్ళలో ఉంచి చూస్తుంటారు. చాలా ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంట్ గుణం పెరుగుతుంది. పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది: డీపీపీహెచ్ అనే వంకాయరంగు ద్రావణంలో మన నమూనా చుక్కలు వేస్తే అది వెలిసి పసుపవుతుంది. చర్యలో పుట్టిన పదార్థాలు అల్లరిచిల్లరిగా తిరుగుతూ పక్క అణువులను పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌కు హైడ్రోజన్ ఇచ్చి శాంతపరుస్తాయి. ఇనుము లాంటి లోహాలనూ పట్టి ఉంచుతాయి.

అయితే రెండు మెలికలు. ఎంత నల్లగా అయితే అంత మేలు అనుకోకూడదు, రంగులేని మధ్య దశ పదార్థాలకూ ఆ శక్తి ఉంటుంది. ఇంకా వేడి చేస్తూ పోతే లైసిన్ వృథా అవుతుంది, పోషకం పోతుంది. పైగా ఇదంతా టెస్ట్‌ట్యూబులో ఫలితం. తిన్నవాడి ఒంట్లోనూ అంతే అని పిల్లలకు చెప్పించకండి.

పోస్టు పెట్టిన నేనే: మరి చక్కెర అన్న మాట? మాకు పంచదార, తెలంగాణలో చక్కెర. పిల్లలు డబ్బాలోంచి తీసి వేస్తారేమో.

ల్యాబ్ కోటు: అది అసలైన చిక్కు. డబ్బాలోని పంచదార నేరుగా ఈ చర్యలో పాల్గొనదు. గ్లూకోజ్, రైబోజ్, పాలలోని లాక్టోజ్ పాల్గొంటాయి. వీటికి పాఠ్యపుస్తకాల్లో "క్షయకరణ చక్కెరలు" అని పేరు. వింటే జబ్బులా ఉంటుంది, నాకూ నచ్చదు. "చక్కెరలు" అని బహువచనంలో వాడి, పేర్లు విడిగా చెప్పమనండి. ఒక ముచ్చట: చేపకు రైబోజ్ బయటి నుంచి వేయక్కర్లేదు. చేప చచ్చాక కండరంలోని ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) విరుగుతూ పోయి కొంత రైబోజ్ తనంతట తానే తయారవుతుంది. ఎండు చేప గోధుమరంగుకు తిరగడంలో దానికీ వాటా ఉంది.

పెనం: అయితే మా బెల్లం వేసిన చేపల పులుసు ఎందుకు దోరబడదు?

ల్యాబ్ కోటు: చింతపండు. పులుపులో మయ్యార్ చర్య నెమ్మదిస్తుంది. పైగా పులుసు నిండా నీళ్ళు, వేడి 100 డిగ్రీలు దాటదు. అదే ముక్కను పెనం మీద వేస్తే పైతడి ఆరిపోయి నిమిషాల్లో రంగు పట్టేస్తుంది.

పోస్టు పెట్టిన నేనే: అందరికీ థాంక్స్. స్లైడ్ మీద "పచ్చి దశ, దోర దశ, ఎర్ర దశ, మాడు" అని పెట్టింది. నిన్న రిహార్సల్‌లో వాళ్ళ సార్ రెండోదాన్ని "దొర దశ" అని చదివి, బ్రిటిషువాళ్ళకూ చేపలకూ ఏంటమ్మా సంబంధం అన్నారట.