108లో ఈఎంటీగా చేస్తున్నాను, 29 ఏళ్లకు నీట్ రాయొచ్చా?

అందరికీ నమస్కారం. ఇంటర్ బైపీసీ, తర్వాత బీఎస్సీ. ఆరేళ్లుగా 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పెళ్లయింది, ఒక పాప.

పోయిన నెల అర్ధరాత్రి దారిలో బండి ఆపి కాన్పు చేశాను. బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుని ఉంది. వేలు దూర్చి మెల్లగా తల మీదుగా తప్పించాను. వీపు రుద్దగానే కేర్‌మంది. కానీ తల్లికి రక్తం ఆగలేదు. ఫోన్‌లో డాక్టరుగారు చెప్పినట్టే చేస్తూ, మా పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) బండిని పరుగులు పెట్టిస్తుంటే ఆసుపత్రికి చేర్చాం. తలుపు దగ్గరే నా పని అయిపోయింది. లోపల ఆమెకు ఏం చేశారో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. నేనూ ఆ తలుపు దాటి లోపలికి వెళ్లి వైద్యం చేయాలి.

నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితి లేదు కాబట్టి ఆ దిగులు లేదు. 720లో 360 మార్కులు బయాలజీవే, అక్కడ ధైర్యం ఉంది. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తేనే టెన్షన్. 12 గంటల డ్యూటీ చేస్తూ చదివి సీటు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా? లేక ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరడమే నయమా? ఎంబీబీఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. పిల్లలున్నవాళ్లు అన్నాళ్లు ఇల్లు ఎలా నడిపారో దయచేసి చెప్పండి.