స్పెషాల్టీ డాక్టర్లకు వారానికో ఆపరేషన్ లిస్ట్ జాబ్ ప్లాన్‌లో రాసివ్వాలా?

సర్జన్_లీడ్స్:
ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ) కన్సల్టెంట్ (సొంత బాధ్యతతో చూసే పై స్థాయి డాక్టర్) కాని, స్పెషాల్టీ డాక్టర్ వంటి గ్రేడ్‌లలో సర్జరీ చేస్తున్న మన తెలుగువాళ్లు చాలామంది గుంటూరులోనో ఉస్మానియాలోనో ఎంఎస్ చేసి, ఎంఆర్‌సీఎస్ (బ్రిటన్ సర్జరీ తొలి దశ పరీక్ష) రాసి వచ్చినవాళ్లే. వీళ్లకు అందనిది పగటి లిస్టు, అంటే ఒక పూట థియేటర్‌లో వరసగా చేసే ఆపరేషన్లు. రాత్రి డ్యూటీలో అపెండిక్సులు, చీముగడ్డలు వీళ్లవి. ముందే తేదీ ఇచ్చిన గాల్‌బ్లాడర్లు, పేగు ఆపరేషన్లు ట్రైనీవి (కన్సల్టెంట్ కావడానికి అధికారిక శిక్షణలో ఉన్నవాళ్లవి). ట్రైనీ సెలవు పెట్టిన రోజే వీళ్లకు థియేటర్ నుంచి పిలుపు.

స్పెషలిస్ట్ రిజిస్టర్‌కి (కన్సల్టెంట్ పోస్టుకు పేరుండాల్సిన జాబితా) పోర్ట్‌ఫోలియో దారిలో (ట్రైనింగ్ పోస్టు లేకుండా సాక్ష్యాల ఫైలుతో వెళ్లేది, నిన్నమొన్నటి సీఈఎస్‌ఆర్) వెళ్లేవాళ్లకు 2023 నవంబరు 30 నుంచి నిబంధన మారింది. సీసీటీతో (శిక్షణ పూర్తయిందన్న సర్టిఫికెట్) సమానమని నిరూపించే పని లేదు, స్పెషలిస్టుకు కావలసిన జ్ఞానం, నైపుణ్యం, అనుభవం చూపిస్తే చాలు. కానీ ఆపరేషన్ చేతికివ్వకుండా నైపుణ్యం ఎక్కణ్నుంచి చూపిస్తారు? అందుకే నేననేది: వారానికి ఒక పూట లిస్టు, అంటే 4 గంటలు, ఒక పీఏ (పనివేళల కొలత), ట్రైనర్ పేరుతో సహా జాబ్ ప్లాన్‌లో (డాక్టర్ వారం పనిని ఆసుపత్రితో రాసుకునే పత్రం) రాయాలి. సెలవులు పోను ఏడాదికి 42 వారాలు, పూటకు మూడు కేసులు వేసుకున్నా 126 అవుతాయి. నోటిమాటగా ఇచ్చిన లిస్టు వార్డులో మనిషి తక్కువైన మొదటి రోజే పోతుంది.

కన్సల్టెంట్_మిడ్‌లాండ్స్:
ఆవేదన న్యాయమైనదే, పరిష్కారం మాత్రం కాదు. థియేటర్ పూటలు పెరగవు. ట్రైనీకి ఏటా ఏఆర్‌సీపీ (శిక్షణ పురోగతి సమీక్ష) ఉంటుంది. కేసులు తగ్గితే జీఎంసీ (బ్రిటన్ వైద్య మండలి) సర్వేలో విభాగం పేరు పోతుంది, మరీ ముదిరితే ట్రైనీలనే వెనక్కి తీసుకుంటారు. అప్పుడు రోటా (డ్యూటీల పట్టిక) మొత్తం కూలుతుంది. ఒకరికి రాసిచ్చిన లిస్టు ఇంకొకరి దగ్గర లాక్కున్నదే అవుతుంది.

సర్జన్_లీడ్స్:
లిస్టు లెక్కన పంచితే మీరన్నది నిజం గారూ. కేసు లెక్కన పంచితే కాదు. నలుగురు పేషెంట్లున్న లిస్టులో రెండు హెర్నియాలు ట్రైనీవి, రెండు స్పెషాల్టీ డాక్టర్‌వి అని ముందురోజే ఈమెయిల్‌లో తేల్చేయండి. ఎస్‌టీ3 (పై దశ సర్జరీ శిక్షణ తొలి ఏడాది) స్థాయి ట్రైనీ అయితే స్పెషాల్టీ డాక్టరే స్క్రబ్ అయి నేర్పించవచ్చు. కన్సల్టెంట్ థియేటర్‌లోనే ఉంటారు. ఆ కేసు ట్రైనీ ఈ-లాగ్‌బుక్‌లో (చేసిన ఆపరేషన్ల ఆన్‌లైన్ పద్దు) ఎస్-టీఎస్‌గా (నేర్పేవారు స్క్రబ్ అయి ఉండగా చేసినది), సీనియర్‌ది టీగా (నేర్పించినది) పడుతుంది. ఒకే ఆపరేషన్ ఇద్దరికీ పనికొస్తుంది. ట్రైనీలను పక్కకు పెట్టమని నేను అడగడం లేదు.

ఆర్థో_కార్డిఫ్:
అందరూ రిజిస్టర్ కోసమే పరుగెత్తాలని ఎందుకు అనుకుంటున్నాం? 2021 కాంట్రాక్టుతో స్పెషలిస్ట్ గ్రేడ్ (రిజిస్టర్‌లో పేరు లేకుండానే ఎక్కగల పై మెట్టు) వచ్చింది. డిగ్రీ తర్వాత కనీసం 12 ఏళ్ల పని, అందులో కనీసం ఆరేళ్లు ఆ స్పెషాల్టీలో స్పెషాల్టీ డాక్టర్‌గానో పాత ఎస్‌ఏఎస్ (కన్సల్టెంటూ ట్రైనీ కాని డాక్టర్ల) గ్రేడ్‌లోనో ఉంటే దరఖాస్తు పెట్టవచ్చు. చిక్కల్లా ఒకటే, అర్హత వచ్చినంత మాత్రాన పైకి జరపరు. ట్రస్టు (ఆసుపత్రి యాజమాన్యం) పోస్టు సృష్టించి, ప్రకటన ఇవ్వాలి. ఆ పోస్టు అవసరమని మేనేజరుకు చూపాలంటే అంకెలు కావాలి. అవేమో చాలాచోట్ల కన్సల్టెంట్ పేరు మీదే నమోదవుతుంటాయి. సొంతంగా చూసే క్లినిక్, సొంతంగా చేసే లిస్టు మీ పేరునే కోడ్ చేయమని కోడింగ్ విభాగానికి, క్లినికల్ డైరెక్టర్‌కి కలిపి రాయండి. నా దృష్టిలో లిస్టు కన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే.

పోర్ట్‌ఫోలియో_మిత్ర:
అందరూ వదిలేసిన సంగతి ఒకటుంది. లిస్టు దొరికినవాళ్ల పోర్ట్‌ఫోలియో ఫైళ్లు కూడా వెనక్కి వస్తున్నాయి. కారణాలు చెబుతాను.

లాగ్‌బుక్‌లో 300 ల్యాప్ కోలీలు (కీహోల్ గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు) ఉండి, అందులో 240 'ఏ' అంటే అసిస్టింగ్ అయితే ఆ 240 లెక్కకు రావు. చూసేవాళ్ల కన్ను ఎస్-టీయూ (నేర్పేవారు స్క్రబ్ కాకుండా ఉండగా చేసినది), పీ (సొంతంగా చేసినది), టీ మీద ఉంటుంది. ఇండియా లాగ్‌బుక్‌దీ అదే బాధ: ఎంఎస్ రోజుల్లో ఎన్ని చేసినా, బరువు గత ఐదారేళ్ల సాక్ష్యానికే. కాబట్టి వచ్చిన మొదటి నెల నుంచే ఈ-లాగ్‌బుక్ నింపాలి, ఆరు నెలలకోసారి కన్సాలిడేషన్ రిపోర్టు (ఆపరేషన్ల మొత్తాల పట్టిక) తీసి సూపర్‌వైజర్ చేత సంతకం, పేరు, జీఎంసీ నంబరు వేయించాలి. నాలుగేళ్ల తర్వాత వేయిద్దామంటే ఆయన ఊరు మారి ఉంటారు.

పేషెంటు వివరాలు చెరపడంలో ఇంకో దెబ్బ. ఆపరేషన్ నోట్‌లో పేరు మీద నల్ల మార్కర్ గీసి స్కాన్ చేస్తే అక్షరాలు కింద నుంచి కనబడతాయి. గీసి, జెరాక్స్ తీసి, ఆ జెరాక్స్‌ని స్కాన్ చేయండి. హాస్పిటల్ నంబరు కాగితం అడుగున కూడా ఉంటుంది, అది మరిచిపోతారు. వందల పేజీల ఫైలులో ఇలాంటివి నాలుగు దొరికినా మొత్తం తిరగదోడాలి.

ఇక 2021 ఆగస్టు సర్జరీ శిక్షణ కరిక్యులమ్ చూస్తే ఆపరేషన్ల సంఖ్య ఒక్కటే చాలదు. అవుట్‌పేషెంట్ క్లినిక్, ఎమర్జెన్సీ టేక్ (అత్యవసరంగా వచ్చినవాళ్లను చేర్చుకుని చూడటం), వార్డు రౌండ్, ఆపరేటింగ్ లిస్ట్, ఎండీటీ (వివిధ విభాగాలవాళ్లు కలిసి కేసులు చర్చించే సమావేశం): ఈ ఐదింటిలోనూ ఎవరి పర్యవేక్షణా లేకుండా చేయగలరని చూపాలి. ఐఎస్‌సీపీలో (సర్జరీ శిక్షణ వెబ్‌సైట్) చందా కట్టి ఎంసీఆర్ (పలువురు కన్సల్టెంట్లు కలిసి ఇచ్చే అంచనా) రాయించుకోవచ్చు. నాకు కనబడేంతవరకు ఎక్కువమంది తడబడేది ఎండీటీ దగ్గర. గదిలో కూర్చుంటారు, కేసు చెప్పేది మాత్రం కన్సల్టెంటే. నెలకు రెండు కేసులు మీరే చెప్పి, ఆ మినిట్స్‌లో మీ పేరు పడేలా చూసుకోండి.

కన్సల్టెంట్_మిడ్‌లాండ్స్:
కేసు లెక్కన పంచడానికి ఒప్పుకుంటున్నాను. మా విభాగంలోనూ పెట్టి చూడదగ్గదే. కానీ వార్డు ఎవరు చూస్తారు? ఆ నాలుగు గంటలు బ్లీప్ (పిలుపులు అందే పేజర్) ఎవరి చేతిలో ఉంటుంది? దీనికి జవాబు లేకపోతే ఏ క్లినికల్ డైరెక్టరూ సంతకం పెట్టరు.

పోర్ట్‌ఫోలియో_మిత్ర:
ఎస్‌పీఏ (చదువు, ఆడిట్ లాంటివాటికి ఉంచిన పీఏ) తీసి లిస్టు చోట పెట్టకండి, ముందు అది చెప్పాలి. పది పీఏల ఉద్యోగంలో స్పెషాల్టీ డాక్టర్‌కు కనీస ఎస్‌పీఏ ఒక్కటే, కన్సల్టెంట్‌కు మామూలుగా రెండున్నర. ఆడిట్, చదువు, ఎఫ్‌ఆర్‌సీఎస్ (సర్జరీ చివరి దశ పరీక్ష) తయారీ అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. స్టడీ లీవు మూడేళ్లకు 30 రోజులు, అదీ రోటా చూసి చాలామంది వదులుకుంటున్నారు.

సర్జన్_లీడ్స్:
బ్లీప్‌కి జవాబు: లిస్టు ఉన్న పూట ఆ డాక్టర్‌ని ఆన్-కాల్ టీమ్‌లో లెక్కించకూడదు. క్లినిక్‌కి కేటాయించిన పూటను రోటా ఎలా చూస్తుందో దీన్నీ అలాగే చూడాలి. ఇద్దరు స్పెషాల్టీ డాక్టర్లుంటే ఒకరిది మంగళవారం, ఇంకొకరిది గురువారం పెడితే ఒకరి పూట ఇంకొకరు వార్డు చూస్తారు. ఒక్కరే ఉన్న చిన్న ఆసుపత్రిలో వారానికొకటి కుదరదు, రెండు వారాలకొకటి రాయండి. రద్దయిన ప్రతి పూటనూ తేదీ, కారణంతో రాసి ఉంచి, మూడు నెలలకోసారి ఎస్‌ఏఎస్ ట్యూటర్‌కి (ఈ గ్రేడ్ డాక్టర్ల ఎదుగుదల చూసేవారు) పంపండి. మూడింట ఒకటి రద్దవుతోందంటే జాబ్ ప్లాన్ రివ్యూ అడగడానికి ఆ కాగితమే ఆధారం. ఏడాది ఆగక్కర్లేదు, మధ్యలోనే అడగవచ్చు.