పోలియో కాలు 62 నుంచి 36కి ఎట్లా దిగింది? సదరం రీ వెరిఫికేషన్ మీద చర్చ

స్వర్ణముఖి_ఒడ్డు:
మా అమ్మకు మూడేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. పాత సదరం సర్టిఫికెట్‌లో, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి ఇచ్చే ప్రభుత్వ కాగితంలో, 62 శాతం. 2025 జనవరిలో ఏపీలో వికలాంగుల పింఛన్లు మళ్లీ పరిశీలించడం మొదలైంది కదా, మమ్మల్నీ పిలిచారు. ఆటో మాట్లాడుకుని పోయి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. డాక్టరు చూసింది ఐదు నిమిషాలు. 36 వేశారు. పింఛనుకు కావాల్సిన 40 శాతం లేదని ఆగస్టులో నోటీసు వచ్చింది. 60 ఏళ్లు నిండినవాళ్లకైతే 4,000 వృద్ధాప్య పింఛనుకు మార్చారు. మా అమ్మకు 57. ఈ వయసులో పోలియో కాలు బాగుపడుతుందా?

పాకాల_అన్న:
కాలు బాగుపడలేదమ్మా, పాత లెక్కే తప్పయి ఉంటుంది. 2024 జులైలో ఈ పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచం పట్టినవాళ్లకు 15,000. అంత డబ్బు ఎవరికి పోతోందో చూడొద్దా? మా ఊళ్లో ఒకాయన చెవుడని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, ఫోన్లో మాట్లాడుతూ బండి నడుపుతాడు. బెరా టెస్టు పెడితే మనిషి చెప్పక్కర్లేదు, శబ్దం నరం దాకా పోయిందో లేదో మిషనే చూపిస్తుంది.

స్వర్ణముఖి_ఒడ్డు:
అన్నా, మా అమ్మది చెవి కాదు, కాలు.

పాకాల_అన్న:
ఏదైనా పరీక్ష పరీక్షే.

ఫిజియో_తిరుపతి:
ఒకటి కాదన్నా. కాలికి కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలం ఎంత, ఒంటికాలి మీద నిలబడగలరా, కాలు ఎంత పొట్టిగా ఉంది, ఇవన్నీ చూస్తారు. కండరం బలానికి చేత్తో నొక్కి చూసి 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. ఒకే కాలికి ఇద్దరు డాక్టర్లు ఒక గ్రేడు అటూ ఇటూ వేయడం నేనే చూశాను. ఆ ఒక్క గ్రేడుతో శాతం మారిపోతుంది. పైగా ఈ శాతం లెక్కగట్టే 2018 నాటి మార్గదర్శకాలను కేంద్రం 2024లో సవరించింది.

పాకాల_అన్న:
అదీ సంగతి. లెక్క మారింది, అంతే.

స్వర్ణముఖి_ఒడ్డు:
లెక్క మారితే 26 పోతుందా? ఆ 26 ఎక్కడ తగ్గిందో ఒక్క ముక్క రాసి ఇవ్వలేదు.

పలమనేరు_టమాటా:
నాకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది బాగుంది కాబట్టి 30 శాతమేనన్నారు. ఎన్నిసార్లు పోయినా అదే 30. నా గోడు ఎవరూ వినలేదు.

పాకాల_అన్న:
చూడండి, ఆయన 30తో ఊరుకోలేదా? రూలు అందరికీ ఒకటే ఉండాలి. మీ అమ్మ నడుస్తుంది కదా, మరి?

స్వర్ణముఖి_ఒడ్డు:
నడుస్తుందా? మోకాలి మీద చెయ్యి పెట్టి అడుగడుక్కీ నొక్కుకుంటూ నడుస్తుంది. ఆ చెయ్యి తీస్తే కాలు మడతపడి కింద పడుతుంది. బిందె ఎత్తలేదు, ఎందుకంటే ఒక చెయ్యి ఎప్పుడూ కాలికే కావాలి. వేరుశనక్కాయలు వలవడానికో, చింతపండు గింజ తీయడానికో తప్ప ఎవరూ పనికి పిలవరు, అదీ సీజన్లోనే. మీరు ఒక్కసారి మా ఇంటికొచ్చి చూసి మాట్లాడండి. ఊరికే కూర్చుని అనడం కాదు.

పాకాల_అన్న:
ఊరికే అంటున్నానా? మా తమ్ముడు పుట్టు మూగ, చెవుడు. సర్టిఫికెట్ ఉంది. కొత్త పింఛను కోసం ఊళ్లో సచివాలయం చుట్టూ తిరిగి తిరిగి మా నాయన చెప్పులు అరిగాయి. ఇంకా రాలేదు. ఆ ఫోన్లో మాట్లాడే చెవిటాయనకు ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మా అమ్మ వాకిట్లో నిలబడి చూస్తుంది. ఆ బాధ మీకు తెలుసా?

స్వర్ణముఖి_ఒడ్డు:
మీ తమ్ముడికి రావాల్సిందే అన్నా. దానికి మా అమ్మది పోవాలా?

పాకాల_అన్న:
నేనట్లా అన్లేదు. కానీ ఇది వైకల్యానికి ఇచ్చేది. పని దొరకదని ఇస్తే మా ఊళ్లో సగం మందికి ఇవ్వాలి.

స్వర్ణముఖి_ఒడ్డు:
అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. కాలు చచ్చుబడినందుకు కాదు, ఆ కాలితో సంపాదించుకోలేనందుకు ఇస్తున్నారు. లేకపోతే నెలనెలా ఎందుకు? మూడు చక్రాల బండి ఒకటి ఇచ్చి ఊరుకోవచ్చు కదా. డాక్టరు కీలు కొలిచాడు. ఈ కాలితో ఏం పని చేస్తావమ్మా అని ఒక్క మాట అడగలేదు.

పాకాల_అన్న:
అడిగితే ఎవరు తేల్చాలి? ఊళ్లో పలుకుబడి ఉన్నోళ్లు తేలుస్తారు. వాళ్ల మనుషులకే సంపాదన లేదని రాస్తారు. మా నాయనకు ఎవరూ తెలియదు. కాగితం మీద అంకె ఉంటేనే మాలాంటోళ్లు గట్టిగా అడగగలరు. అందుకే ఆ అంకెను వదలమంటే నేను వదలను.

స్వర్ణముఖి_ఒడ్డు:
ఆ అంకే మా ఇంట్లో పొయ్యి ఆర్పబోతోంది.

మాస్టారు_చిత్తూరు:
ఇద్దరూ కాస్త ఆగండి. అమ్మా, అప్పీలు పెట్టారా? ఎంపీడీవో ఆఫీసులో పెట్టుకున్నవాళ్లకు పింఛను ఆపలేదు.

స్వర్ణముఖి_ఒడ్డు:
పెట్టాం సార్. సోమవారం మళ్లీ రమ్మన్నారు, ఈసారి వేరే ఆసుపత్రికి. అమ్మకు ఇప్పటి నుంచే టెన్షన్, నిద్రపోవడం లేదు. పోయినసారి డాక్టరు ముందు సిగ్గుపడి వీలైనంత చక్కగా నడిచిందట.

ఫిజియో_తిరుపతి:
అక్కా, అక్కడే దెబ్బ తగిలింది. ఈసారి మోకాలి మీద చెయ్యి తీసేసి రెండడుగులు వేసి చూపించమనండి. మీరు పక్కనే నిలబడి పట్టుకోండి.