సముద్ర స్పంజికల నుంచి మొండి బ్యాక్టీరియాకు మందు వచ్చిందా?

ప్రశ్న (రాజోలు నుంచి):
మధుమేహం ఉన్న మా నాన్నగారి కాలి పుండు మానడం లేదు. చీము పరీక్షలో ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ, అంటే చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని స్టెఫిలోకాకస్, ఉన్నట్లు తేలింది. సముద్రపు స్పంజికల్లో ఇటువంటి బ్యాక్టీరియాను చంపే పదార్థాలు ఉన్నాయని చదివాను. అవి మందుగా దొరుకుతున్నాయా? మన అంతర్వేది తీరంలో ఆ స్పంజికలు ఉంటాయా?

సమాధానం (కాకినాడ, జంతుశాస్త్ర అధ్యాపకురాలు):
రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతానండి. స్పంజిక తన ఒంటి రంధ్రాల గుండా నీటిని లాగి, వడకట్టి ఆహారం తీసుకుంటుంది. వశిష్ఠ గోదావరి తెచ్చే ఒండ్రు ఆ రంధ్రాలను పూడ్చివేస్తుంది కనుక, తేట నీరు, గట్టి నేల ఉన్న మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీప్‌లోనో కనిపించేంత వైవిధ్యాన్ని అంతర్వేది బురద తీరంలో ఆశించలేము.

స్పంజిక కదలలేదు కాబట్టి రసాయనాలతోనే తనను కాపాడుకుంటుంది. వాటిలో కొన్నింటిని నిజానికి తయారుచేసేది దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మజీవులే. అంటార్కిటికాలోని డెండ్రిల్లా మెంబ్రనోసా అనే స్పంజిక నుంచి వేరుచేసిన డార్వినోలైడ్, బయోఫిల్మ్ అనే జిగట పొరలో దాగిన ఎమ్‌ఆర్‌ఎస్‌ఏను సైతం ప్రయోగశాలలో చంపిందని 2016లో వెల్లడైంది. అయితే నాకు ఎక్కువ ఆశ కలిగించేది వేరొకటి: ఎగెలాస్ స్పంజికల్లోని ఒరాయిడిన్‌ను నమూనాగా తీసుకొని కృత్రిమంగా తయారుచేసిన కొన్ని అణువులు బ్యాక్టీరియాను చంపకుండానే ఆ పొరను చెదరగొట్టి, పాత యాంటీబయాటిక్ మళ్లీ పనిచేసేలా చేస్తాయి.

సమాధానం (అమలాపురం, ఫార్మసిస్టు):
మందుగా ఇంకా దొరకడం లేదండి. స్పంజిక పదార్థాల ఆధారంగా రూపొందిన సైటరాబిన్ 1969లో రక్తక్యాన్సర్‌కూ, ఎరిబ్యులిన్ 2010లో రొమ్ము క్యాన్సర్‌కూ అమెరికాలో అనుమతి పొందాయి గానీ, బ్యాక్టీరియా మీద వాడే స్పంజిక మందు ఒక్కటీ రాలేదు. సరఫరా కూడా పెద్ద చిక్కే: ఎరిబ్యులిన్‌కు మూలమైన హాలికాండ్రిన్ బి, జపాన్‌లో 600 కిలోల స్పంజిక నుంచి 12.5 మిల్లీగ్రాములే వచ్చింది. స్పంజిక పొడి అని ఎవరైనా అమ్మజూపితే దయచేసి పుండుపై చల్లవద్దు. నాన్నగారి కల్చర్ రిపోర్టులో ఏ మందుల ఎదురుగా ‘ఎస్’ అని ఉంది?

ప్రశ్నించినవారు:
వాంకోమైసిన్, లినెజోలిడ్ రెండింటికీ ‘ఎస్’ ఉందండి.

ఫార్మసిస్టు:
అంటే ఆ రెండూ ఈ బ్యాక్టీరియా మీద పనిచేస్తాయని అర్థం. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరుగారే నిర్ణయించాలి. ఇన్ఫెక్షన్ ఎముకకు పాకిందేమో, పాదానికి రక్తప్రసారం సరిగా ఉందో లేదో కూడా వారిని తప్పక అడగండి.