ప్రోటియా, బ్యాంక్సియా, పూయా ఒకే తోటలో: అక్షాంశం కలిస్తే చాలా?

ప్రశ్న
దక్షిణార్ధగోళంలో 30–35 డిగ్రీల మధ్య పెరిగే మొక్కలతోనే ఒక తోట వేద్దామని ఉంది. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు ప్రోటియా, ఆస్ట్రేలియా బ్యాంక్సియా, చిలీ పూయా అనుకున్నాను. నేల బంకమట్టి, పీహెచ్ 6. గుంతలో పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేసి నాటొచ్చా?

మట్టిమనిషి
సూపర్ ఫాస్ఫేట్ వద్దండీ, అది భాస్వరం ఎరువు. ప్రోటియా, బ్యాంక్సియా ఒకే కుటుంబం. భాస్వరం దాదాపు లేని నేలల్లో పెరిగి పెరిగి, వీటికి కుచ్చుల్లాంటి సన్నటి వేర్లు వచ్చాయి. ఆ వేర్లు ఆమ్లాలు వదిలి, మట్టిని అంటిపెట్టుకున్న భాస్వరాన్ని కూడా లాగేస్తాయి. ఎక్కువ దొరికితే ఆపుకోవడం చాలా రకాలకు చేతకాదు. లేతాకులు పసుపెక్కుతాయి, ముదురాకుల అంచులు మాడతాయి. అది చూసి పోషకాలు చాలలేదనుకుని మళ్లీ ఎరువు వేస్తారు, దాంతో మొక్క పోతుంది. ఎముకల పొడి, కోళ్ల ఎరువు కూడా అంతే. పశువుల ఎరువూ మానేయండి. పూయా అనాస కుటుంబం, దానికి ఈ బెడద లేదు.

పడమటిగాలి
అక్షాంశం సగమే చెబుతుంది. కేప్‌టౌన్ 34, ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్ 32, చిలీలోని శాంటియాగో 33 డిగ్రీలు; మూడుచోట్లా వాన చలికాలంలోనే, ఎండాకాలం పొడి. సిడ్నీ కూడా 34 డిగ్రీలే, కానీ తూర్పు తీరం, ఏడాది పొడవునా వాన. కాబట్టి బ్యాంక్సియా కొనేటప్పుడు ఏ తీరానిదో అడగండి. ఇంటెగ్రిఫోలియా అనే రకం తూర్పుది, వేసవి తేమను ఓర్చుకుంటుంది. మెంజీసియై పడమటిది, ఓర్చుకోదు. వెచ్చని తడిమట్టిలో ఫైటాఫ్తొరా అనే బూజులాంటి సూక్ష్మజీవి వేర్లను కుళ్లబెడుతుంది. నిన్న పచ్చగా ఉన్న చెట్టు ఒక్కసారిగా వడలిపోతుంది, అప్పుడు నీళ్లు పోస్తే ఇంకా చేటు.

మట్టిమనిషి
అందుకే బంకమట్టిలో గుంత తీసి ఇసుక నింపొద్దు, అది నీళ్ల తొట్టే అవుతుంది. నేలమీదే 40–50 సెం.మీ. ఎత్తున ముతక ఇసుక కలిపిన మట్టి దిబ్బ పోసి దానిమీద నాటండి. పైన 5–7 సెం.మీ. బెరడు ముక్కలు పరవండి, కాండానికి బెత్తెడు ఎడంగా. కుచ్చువేర్లు పైపైనే ఉంటాయి, మొక్క మొదలు దగ్గర పార పెట్టకండి, కలుపు చేత్తోనే తీయండి.

చిగురు
డ్రిప్ వేస్తే పూయాకు వేరే లైను. దాని ఆకు అంచున కొక్కేల్లాంటి ముళ్లుంటాయి, నడిచే దారి పక్కన మాత్రం పెట్టకండి.