అప్‌డేట్: కబడ్డీ పిల్లలకు గుండె పరీక్ష

కడపలో 14-17 ఏళ్ల మా కబడ్డీ పిల్లలకు ఈసీజీ ఒక్కటే సరిపోతుందా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పరీక్షలయ్యాయి, తేలిన విషయాలివి.

ముందు ప్రశ్నలు: ఆడుతుండగా స్పృహ తప్పాడా, ఛాతీ నొప్పి వచ్చిందా, ఇంట్లో 50 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా పోయారా. టీమ్‌లోంచి తీసేస్తారని పిల్లలు చెప్పరు, అమ్మానాన్నలనే అడగాలి. ఈతొచ్చినవాడు బావిలో మునిగి పోయాడన్నా రాసుకోండి. లాంగ్ క్యూటీ (గుండె కరెంటులో పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్లకు ఈత కొడుతుండగా గుండె లయ తప్పొచ్చు.

ఈసీజీలో ఛాతీకి అతికించే వైర్లు వీ1 నుంచి వీ6 దాకా ఉంటాయి. వాటిలో వీ1, వీ2 నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు చెరోపక్క అతికించాలి. హడావుడిలో పైన పెడితే టీ వేవ్ (ప్రతి గుండె చప్పుడు గీత చివర్లో వచ్చే చిన్న గుట్ట) ఉత్తపుణ్యానికి తిరగబడి కనిపిస్తుంది. మెషీన్ ‘అబ్నార్మల్’ అని కొట్టగానే బెదరొద్దు. రోజూ సాధన చేసేవాళ్లకు నాడి 45 ఉన్నా మామూలే. 16 ఏళ్లలోపు వీ1-వీ3లో టీ తిరగబడటమూ అంతే. వీ5, వీ6లో తిరగబడితే మాత్రం ఎకో (గుండె స్కానింగ్) తప్పదు, అది నార్మలైనా గుండె ఎంఆర్ఐ అడగాలి. క్యూటీసీ (గుండె కొట్టుకున్నాక కరెంటు మళ్లీ సర్దుకునేదాకా పట్టే సమయం, నాడి వేగానికి సరిచేసి లెక్కేసింది) అబ్బాయిల్లో 470, అమ్మాయిల్లో 480 మిల్లీసెకన్లకు చేరితే కార్డియాలజిస్టు చూడాల్సిందే.

ఇక అసలు ప్రశ్నకు జవాబు: సరిపోదు. గుండెకే రక్తం ఇచ్చే కరొనరీ రక్తనాళం తప్పుచోట మొదలైతే ఈసీజీ చాలాసార్లు పట్టుకోలేదు. అందుకే గ్రౌండ్‌లో ఏఈడీ (లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే మెషీన్) ఉండాలి, దాని గదికి తాళం ఉండకూడదు. కుప్పకూలినవాడు కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు, ఆ నిమిషాలే ప్రాణం తీస్తాయి. పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా లేకుంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100-120 సార్లు నొక్కాలి, మూడోవాడు ఏఈడీకి పరిగెత్తాలి.