నాలుగేండ్ల పాపతో వండర్‌లా: ముందు రాత్రే పోవాల్నా?

మాది హన్మకొండ. పాపకు 4 ఏండ్లు, ఎత్తు 97 సెంటీమీటర్లు (గోడకు నిలబెట్టి రెండుసార్లు కొలిచిన, వండర్‌లాలో పిల్లల టికెట్ ఎత్తును బట్టే కదా). వచ్చే నెల ఒక మంగళవారం హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో ఉన్న వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకు తీసుకపోదామని ఉంది.

పోయిన డిసెంబర్‌లో సిటీలో వేరే పార్కుకు ఒక్కరోజులో పోయివద్దామంటే బెడిసికొట్టింది. పొద్దున 5:30కు కారెక్కినం. జనగామ దాటినంక ఒక వాంతి, ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇంకోటి. లోపలికి పోయేసరికి 11:30. ఒంటిగంటకల్లా వాళ్ల నాన్న భుజం మీద నిద్ర. మూడింటికి లేచి "ఇంటికి పోదాం" అని ఒకటే ఏడుపు. ఎక్కింది ఒక్క గుర్రాల రాట్నం, దానికి ముగ్గురి టికెట్లు!

తర్వాత వారం రోజులు పగటి నిద్ర మాన్పించి చూసినం. సాయంత్రమయ్యేసరికి ఇల్లు పీకి పందిరేసింది, వదిలేసినం. వాంతులకు డాక్టర్ రాసిన సిరప్ వేసి భువనగిరి దాకా పోయొచ్చినం, ఇబ్బంది కాలేదు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఉప్పల్ కూడా తప్పుతది. మిగిలింది ఆ 1 నుంచి 3 నిద్రే.

ఈ వయసు పిల్లలతో పోయినోళ్లు చెప్పండి: ముందు రాత్రే పార్కు దగ్గర్లో ఉండి గేటు తీయంగానే పోవుడు మంచిదా, లేక ఆలస్యంగా బయల్దేరి నిద్ర కార్లోనే కానిచ్చి మధ్యాహ్నం లోపలికి పోవుడా?